రోడ్డు లేని తీరం వెంబడి ఆరు బండ్లు, ఐదు రోజులు. ప్లాన్‌లో తప్పులుంటే చెప్పండి

తీరంబాట

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. వచ్చే నెల పన్నెండు మందిమి బయల్దేరుతున్నాం, ప్లాన్ వేసిన బాధ్యత నాది, నిన్న రాత్రి మళ్లీ లెక్కలు చూసుకుంటే ఎక్కడో తేడా కొడుతోందనిపించి నిద్ర పట్టలేదు.

ఆరు ఫోర్ బై ఫోర్ బండ్లు (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేవి), తీరం వెంబడి మొత్తం 260 కిలోమీటర్లు. మొదటి 40, చివరి 30 మట్టిరోడ్డు. మధ్యలో 190 కిలోమీటర్లు దారి అనేదే లేదు. కొంత దూరం నీళ్ల పక్కన తడి ఇసుక మీద, కొంత దూరం ఇసుక దిబ్బల మీదుగా వెళ్లాలి. రెండు చోట్ల మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు) దాటాలి, రెండోది బయల్దేరిన చోటు నుంచి సరిగ్గా 170వ కిలోమీటరు దగ్గర ఉంది. ఒకచోట తీరం వదిలి లోపలికి వెళ్తే ఉప్పు పర కట్టిన చదును నేల ఉంది, మ్యాపులో చూస్తే అది మంచి అడ్డదారి, 22 కిలోమీటర్లు కలిసొస్తాయి. రెండో రోజు మధ్యాహ్నం నుంచి నాలుగో రోజు సాయంత్రం దాకా ఫోన్ సిగ్నల్ ఉండదు. పర్మిట్లు వచ్చేశాయి.

డ్రైవర్లలో ముగ్గురికి ఇసుక బాగా అలవాటు. ఒకాయన కొండదారుల్లో చాలా తిరిగాడు కానీ ఇసుక తొక్కలేదు. ఇద్దరు పూర్తిగా కొత్త. రోజూ ఉదయం 7కి బయల్దేరి సాయంత్రం 5కి ఆగాలని అనుకున్నాం. మూడో రోజు పౌర్ణమి పడేలా తేదీలు పెట్టుకున్నాం, రాత్రిపూట వెన్నెల్లో ఒడ్డున గుడారాలు వేసుకోవచ్చని. డీజిల్ లెక్క, బండి లీటరుకి 10 ఇస్తుంది కాబట్టి 26 లీటర్లు, దానికి ఇంకో 15 కలిపి 41 అనుకున్నాను.

మా వాళ్లలో ఒకడు, చిన్నప్పటి నుంచి స్నేహితుడు, ఎన్ని బండ్లుంటే అంత ధైర్యం, ఒకటి దిగబడితే మిగతా ఐదూ లాగుతాయి అంటాడు. ట్రైలర్ తగిలించే బాల్ హిచ్ కూడా వెనక బిగించుకున్నాడు, లాగడానికి పనికొస్తుందని. నాకు మాత్రం ఆరు ఎక్కువేమో అనిపిస్తోంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. టైర్లలో గాలి ఎంతకి దించాలి అన్నదాని మీద కూడా మాలో మాకు పెద్ద వాదన. ఇలాంటి తీరాల్లో గుంపుగా వెళ్లొచ్చినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పోటుపాటు

అన్నా, మీ ప్లాన్‌లో ముందు కొట్టేయాల్సింది ఆ ఉదయం 7. తీరం మీద గడియారం పనికిరాదు, పోటు టేబుల్, అంటే నీళ్లు పైకి వచ్చే (పోటు), వెనక్కి పోయే (ఆటు) టైముల పట్టిక, చూసుకుని కదలాలి.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి ఇంకో పోటుకి దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఏ రోజుకారోజు అంతా ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటుకి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు ఒడ్డు మీద బండి ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆస్ట్రేలియాలో కె'గారి దీవి ఉంది కదా, ఇదివరకు ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు, అక్కడ ఒడ్డునే రోడ్డులా వాడతారు, అక్కడి అధికారులు చెప్పేదీ ఇదే. ఆ నాలుగు గంటలు తీసేస్తే రెండు పోట్ల మధ్య మీకు మిగిలేది ఎనిమిదిన్నర గంటల లోపే.

ఇప్పుడు మీ రోజులకి పెట్టి చూద్దాం. మొదటి రోజు ఆటు ఉదయం 9:30కి అనుకోండి. మధ్యాహ్నం 3:40కి పోటు, కాబట్టి 1:40కల్లా ఒడ్డు ఖాళీ చేసి పైకి ఎక్కేయాలి, సాయంత్రం 5 దాకా నడపడం కుదరదు. అదే ఐదో రోజుకి వచ్చేసరికి ఆటు 12:50కి జరిగిపోతుంది, పోటు ఉదయం 6:40కి. మీరు 7కి ఇంజన్ స్టార్ట్ చేసేసరికి నీళ్లు దిబ్బల కాళ్ల దగ్గర ఉంటాయి. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీరు వెళ్లే చోటుకి దగ్గర్లో ఉన్న రేవు టేబుల్ తీసుకుని ఐదు రోజులకీ విడివిడిగా రాసుకోండి, రాసి ప్రతి బండిలో అద్దం పక్కన అతికించండి.

ఇక పౌర్ణమి. వెన్నెల బాగానే ఉంటుంది కానీ పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకే పెద్ద పోట్లు వస్తాయి. మీకది సరిగ్గా మూడు, నాలుగు, ఐదు రోజుల మీద పడుతోంది, సిగ్నల్ లేని చోట, మొగలు దాటే చోట. ఒక్క లాభం ఏంటంటే ఆటు కూడా ఎక్కువ దూరం వెనక్కి పోతుంది కాబట్టి ఆ టైములో గట్టి ఇసుక బాగా వెడల్పుగా దొరుకుతుంది. కానీ కొత్తవాళ్లు ఉన్నప్పుడు నేనైతే అష్టమి దగ్గరికి తేదీలు మార్చుకుంటాను, ఆటుకీ పోటుకీ తేడా తక్కువ ఉంటుంది. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా వీస్తున్నా, వాయుపీడనం పడిపోయినా నీళ్లు టేబుల్‌లో రాసినదానికంటే పైకే వస్తాయి. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది.

ఇంకొకటి, కొత్తవాళ్లు చాలామంది మోసపోయేది ఇక్కడే. నీళ్లు ఒకే వేగంతో రావు. ఆరు గంటల్లో నాలుగు మీటర్లు లేవాల్సి ఉంటే మొదటి గంటలో లేచేది 33 సెంటీమీటర్లే, ఇంతేనా అనిపిస్తుంది. మూడో గంటలో ఒక మీటరు, నాలుగో గంటలో ఇంకో మీటరు. మొదటి గంట చూసి ధైర్యం చేసినవాళ్లు మూడో గంటలో పరుగులు పెడతారు.

నేను పెట్టాను కాబట్టి చెప్తున్నాను. నాలుగేళ్ల కిందట మా గుంపులో మూడో బండి నీళ్లకి మరీ దగ్గరగా వెళ్లి ఆగింది, ఫొటో కోసం. ఆగినప్పుడు ఇసుక గట్టిగానే ఉంది. ఒక అల వచ్చి చక్రాలకి తగిలి వెనక్కి పోయింది, పోతూ పోతూ టైరు కింది ఇసుకని తోడుకుపోయింది. ఇంకో అల, ఇంకొంచెం. మేం చూస్తుండగానే ముందు ఎడమ చక్రం అరచెయ్యి లోతు దిగింది, పార తెచ్చేలోపు బండి ఒక పక్కకి ఒరిగింది. పారతో తవ్విన గుంతని తర్వాతి అల పూడ్చేసేది. నలభై నిమిషాల్లో నీళ్లు చక్రం మధ్య దాకా వచ్చాయి. పైన గట్టి ఇసుక మీద నిలబెట్టిన రెండు బండ్లు కలిసి లాగితే బయటపడింది, ఆ రెండూ పక్కనే ఉన్నాయి కాబట్టి. తడి ఇసుక మీద నీళ్ల అంచున బండి ఆపొద్దు, ఒక్క నిమిషం కూడా. ఫొటో కావాలంటే పైకి వచ్చి ఆపండి.

పారపట్టు

ముందు మీ స్నేహితుడి బాల్ హిచ్ సంగతి. దయచేసి దాన్ని ఇప్పుడే విప్పించేయండి. ట్రైలర్‌ని టో చేసేటప్పుడు (కట్టి ఈడ్చుకెళ్లేటప్పుడు) పడే బరువు వేరు, దిగబడిన బండిని గుంజినప్పుడు పడే బరువు వేరు. సాగే తాడుతో గుంజినప్పుడు ఆ ఇనుప బంతి మెడ దగ్గర విరిగితే తాడులో ఉన్న బలమంతా దాని వెనక ఉంటుంది, అద్దం పగలగొట్టుకుని మనిషికి తగిలి చనిపోయిన ఘటనలు నిజంగా ఉన్నాయి. చాసిస్‌కి (బండి కింది ఇనుప చట్రానికి) బిగించిన, ఎంత బరువు మోస్తుందో ముద్ర వేసి ఉన్న రికవరీ పాయింట్లే (తాడు తగిలించే గట్టి కొక్కేలే) వాడాలి, ముందూ వెనకా రెండు వైపులా. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు కింద ఉండే చిన్న కొక్కెం చాలా బండ్లకి లారీ మీద కట్టేయడానికి ఇచ్చింది, అది లాగడానికి కాదు. ఆరు బండ్లనీ ఒకరోజు ఒకచోటికి తెచ్చి కింద పడుకుని చూడండి.

దిగబడగానే తాడు తీయొద్దు. ఇది మా గుంపులో కొత్తవాళ్లకి మొదట నేర్పేది. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే కాలు తీసేయాలి. రేజ్ చేసిన ప్రతి సెకనూ పొట్ట ఇసుకలోకి దిగుతుంది, పొట్ట ఆనిందంటే చక్రాలకి బరువు ఉండదు, ఇక ఎంత రేజ్ చేసినా లాభం లేదు. ముందు రివర్స్‌లో వచ్చిన జాడలోనే వెనక్కి రావడానికి ఒకసారి మెల్లగా చూడండి. కదలకపోతే దిగి, గాలి ఇంకాస్త తీసి, నాలుగు చక్రాల ముందూ, పొట్ట కిందా ఇసుక తోడండి. తర్వాత చక్రాల కింద పట్టు కోసం రికవరీ బోర్డులు (గట్టి పలకలు) పెట్టండి. మా అనుభవంలో పదిలో ఎనిమిదిసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది, ఇరవై నిమిషాలు పడుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు.

తాడు తీయాల్సే వస్తే, తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకి, అందరూ నిలబడాలి. 9 మీటర్ల తాడైతే కనీసం 14 మీటర్లు. తాడు మధ్యలో బరువున్న గుడ్డ గానీ సంచి గానీ వేయాలి. సైగ చేసేది ఒక్కరే, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. ఐదుగురు ఐదు రకాలుగా అరుస్తుంటే లోపల కొత్త డ్రైవర్‌కి ఏం చేయాలో తెలియక కంగారులో తప్పు గేరు వేసిన సందర్భం నా కళ్లారా చూశాను, అవతలి బండి బానెట్ మీదికి ఎక్కబోయింది.

వించ్ (బండికి బిగించిన, తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) ఉంటే మంచిదే కానీ ఒడ్డున చెట్టు ఉండదు, దేనికి కడతారు? ఇంకో బండికి, లేదా స్టెప్నీని లోతుగా పూడ్చి దానికి. రెండోది చెప్పినంత సులువు కాదు, ఇద్దరికి గంట పని. జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క మర్చిపోవద్దు, ఇసుకలో జాకీ బండిని లేపదు, తానే కిందికి దిగుతుంది.

గాలిలెక్క

టైరు గాలి గురించి మీలో మీకు వాదన అన్నారు. మామూలుగా 34, 35 పీఎస్ఐ ఉండే బండికి ఒడ్డు ఇసుక మీద 18 దగ్గర మొదలుపెట్టండి. మెత్తగా ఉంటే 15. దిగబడి బయటకి రావడానికి మాత్రం 12, అదీ బయటపడేదాకానే, ఆ గాలితో వేగంగా బెండు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. వెనక బరువు ఎక్కువుంటే వెనక రెండు మూడు ఎక్కువ ఉంచండి. గాలి తీస్తే టైరు వెడల్పు అవుతుందని అంటారు కానీ ఎక్కువగా పెరిగేది పొడవు, నేలకి ఆనే జాగా ముందుకీ వెనక్కీ సాగుతుంది, ట్రాక్టర్ గొలుసు చక్రం లాగా.

ఇది కొత్త సంగతేం కాదు, 1920ల చివర్లో, 1930ల్లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి లిబియా ఎడారిలో మామూలు కార్లతో తిరిగింది టైర్లలో గాలి తగ్గించే, దిగబడితే చక్రాల కింద ఇనుప పట్టాలు పెట్టే. మనం ఇవాళ మాక్స్‌ట్రాక్స్ లాంటి ప్లాస్టిక్ బోర్డులు వాడుతున్నది ఆ ఆలోచనతోనే.

గుంపులో అందరూ ఒకే గేజ్‌తో కొలవండి. గేజ్‌కీ గేజ్‌కీ రెండు మూడు పీఎస్ఐ తేడా ఉంటుంది, మీ వాదనలో సగం అదే అయ్యుంటుంది. ఆరు బండ్లంటే 24 టైర్లు, ఒక చిన్న కంప్రెసర్‌తో మళ్లీ కొట్టుకోవాలంటే రెండు మూడు గంటలు, మధ్యలో అది వేడెక్కి ఆగుతుంది కూడా. కనీసం మూడు ఉండాలి.

బ్రేకు సంగతి కూడా చెప్పాలి. ఇసుక మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక కుప్ప పడుతుంది, మళ్లీ బయల్దేరేటప్పుడు ఆ కుప్ప ఎక్కాలి. కాలు తీసేసి బండి దానంతటదే ఆగనివ్వండి, ఆగేచోటు ముందుకి పల్లంగా ఉండేలా చూసుకోండి.

ఉప్పుపర

మీకు ఆరు ఎక్కువని ఎందుకనిపిస్తోందో నేను చెప్తాను. బండ్లు పెరిగితే లాగే చేతులు పెరుగుతాయి, నిజమే. కానీ దిగబడేవి కూడా పెరుగుతాయి, అన్నీ ఆగాల్సి వస్తుంది. ఒక బండి దిగబడితే ఇరవై నిమిషాలు అనుకుంటే, ఆరింటిలో ఒక్కొక్కటి రోజుకి రెండుసార్లు దిగబడినా నాలుగు గంటలు అక్కడే పోయాయి. పైన చెప్పిన ఎనిమిదిన్నర గంటల్లోంచి నాలుగు తీసేయండి. నా లెక్కలో కొత్తవాళ్లు ఉన్న గుంపుకి నాలుగు బండ్లు సరిపోతాయి, రెండుకి తగ్గకూడదు, ఐదు దాటితే రెండు జట్లుగా విడగొట్టి ఒక్కో జట్టుకి ఒక పెద్దని పెట్టాలి.

ఇప్పుడు ఆ అడ్డదారి. వద్దు. మ్యాపులో ఆ 22 కిలోమీటర్లు చూసి ఆశపడొద్దు. పైన ఉప్పు పర పలకలా గట్టిగా, తెల్లగా మెరుస్తూ ఉంటుంది, నడిస్తే కాలి కింద కరకరలాడుతుంది, మొదటి బండిని మోస్తుంది, రెండోదాన్నీ మోయొచ్చు. కింద ఉన్నది బురద. పర విరిగిందంటే బండి ఇరుసు దాకా దిగిపోతుంది, అది ఇసుకలా పారకి రాదు, జిగురు. లాగడానికి వచ్చిన బండి కూడా అదే పర మీద నిలబడాలి కదా. అరేబియా తీరాల్లో ఇలాంటి నేలని సబ్ఖా అంటారు, అక్కడ ఎన్నేళ్లు తిరిగినవాళ్లు కూడా చుట్టూ తిరిగే పోతారు. ఇసుకలో అయితే ముందు బండి జాడలో వెళ్లడం మంచిది, ఇక్కడ ముందు బండి జాడే ప్రమాదం, అది పరని సగం విరగ్గొట్టి వెళ్లుంటుంది.

మీ డీజిల్ లెక్క చూసి భయమేసింది. రెండు తప్పులున్నాయి. ఇసుక మీద లీటరుకి 10 రాదు, 5 వేసుకోండి. అది మొదటిది. రెండోది పెద్దది, మీరు ముందుకి వెళ్లడానికే లెక్క వేశారు. 170వ కిలోమీటరు దగ్గర మొగ దాటలేకపోతే? అక్కడిదాకా మట్టిరోడ్డుకి 4 లీటర్లు, 130 కిలోమీటర్ల ఇసుకకి 26, మొత్తం 30. తిరిగి రావడానికి ఇంకో 30. దిబ్బల్లో తిప్పలకీ దారి తప్పినందుకీ 20. అంటే బండికి 80 లీటర్లు, మీరు రాసిన దానికి దాదాపు రెట్టింపు. నీళ్ల లెక్క, రోజుల లెక్క కూడా ఇలాగే, ఆ మొగ దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేలా వేయాలి. అలా వేసుకోని గుంపు ఆ మొగ దగ్గర తప్పుడు నిర్ణయం తీసుకుంటుంది, ఎందుకంటే వెనక్కి రావడానికి వాళ్ల దగ్గర డీజిల్ ఉండదు, దాటడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది.

మారుమూల తీరం అంటే ఏంటో తెలియాలంటే 1942 నవంబర్‌లో నమీబియా స్కెలిటన్ కోస్ట్‌లో డనెడిన్ స్టార్ అనే ఓడ ఒడ్డుకి తగులుకున్న సంగతి ఒకసారి చదవండి. వందకి పైగా మనుషులున్నారు. వాళ్ల కోసం వచ్చిన టగ్ బోటు తానే ఒడ్డుకి కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. దిగిన విమానం ఇసుకలో కూరుకుపోయింది. నేల మీద వచ్చిన లారీలు దారి పొడవునా దిగబడుతూ లేస్తూ వచ్చాయి. అందర్నీ బయటికి తేవడానికి నాలుగు వారాలకి దగ్గర పట్టింది. ఇప్పుడు పరికరాలు మారాయి కానీ ఇసుక అదే కదా.

తీరంబాట

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఉప్పుపర గారూ, మీరు వేసిన లెక్క చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. వెనక్కి రావడం అనేది నా షీట్‌లో ఎక్కడా లేదు, ఒక్క గడిలో కూడా. బాల్ హిచ్ ఈ సాయంత్రమే విప్పించాం, మా వాడికి పారపట్టు గారి జవాబు చదివి వినిపించాను, ఏమీ మాట్లాడకుండా స్పానర్ తెచ్చుకున్నాడు.

ఇంకో రెండు అడగాలి. కొత్తవాళ్లని వరుసలో ఎక్కడ పెట్టాలి? వెనక్కి తిరగాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి? మా గుంపులో అందరం సమానం, ఎవరూ ఎవరి మాటా వినాల్సిన పని లేదు అన్నట్టుంటాం, అదే నాకు టెన్షన్.

పారపట్టు

కొత్తవాళ్లు రెండో స్థానంలో ఒకరు, నాలుగో స్థానంలో ఒకరు. ముందు అనుభవం ఉన్నవాడు దారి చూపిస్తాడు, చివర్లో అందరికన్నా అనుభవం ఉన్నవాడు, పార, బోర్డులు, తాడు అన్నీ ఆ చివరి బండిలో అందేలా ఉండాలి. వెనక బండి అద్దంలో కనపడటం ప్రతి డ్రైవర్ బాధ్యత. కనపడకపోతే ఆగాలి, వాడు ఆగితే వాడి ముందువాడు ఆగుతాడు, అలా ముందుదాకా వార్త చేరుతుంది, రేడియో పనిచేయకపోయినా. దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కొక్కరే. ముందు బండి అవతలికి దిగి రేడియోలో చెప్పేదాకా రెండోది కదలకూడదు, శిఖరం అవతల ఏముందో కనపడదు. అందుకే బండికి పొడుగాటి కర్ర మీద జెండా కడతారు.

నిర్ణయం ఒక్కరిదే ఉండాలి, బయల్దేరకముందే అందరి ముందూ అనుకోవాలి. మాకింకో పద్ధతి ఉంది. వెనక్కి తిరుగుదాం అని ఎవరన్నా, ఆఖరికి వెనక సీట్లో కూర్చున్నవాళ్లన్నా, తిరుగుతాం, వాదన పెట్టం. ముందుకి వెళ్దాం అనడానికి మాత్రం అందరూ ఒప్పుకోవాలి. రెండుసార్లు అలా తిరిగొచ్చాం, రెండుసార్లూ దారిలో మొహాలు ముడుచుకునే ఉన్నాం, కానీ ఆ తర్వాత కూడా అదే గుంపుగా తిరుగుతున్నాం.

వెనకసీటు

నేను నడపను, మా ఆయన నడుపుతారు, నేను నర్సుని. ఇప్పటిదాకా ఎవరూ మనుషుల గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

నీళ్లు, మనిషికి రోజుకి 5 లీటర్లు, తాగడానికీ వంటకీ కలిపి. పన్నెండు మంది, ఐదు రోజులు, 300 లీటర్లు, ఇరుక్కుపోతే ఉండటానికి ఇంకో రెండు రోజులకి 120. మొత్తం 420 లీటర్లు, అంటే 420 కిలోలు. అన్నీ ఒకే బండిలో వేయొద్దు, బరువు కోసం మాత్రమే కాదు, ఆ బండి దూరమైతే అందరూ నీళ్లు లేకుండా అయిపోతారు. పైన టాప్ మీద కూడా వేయొద్దు, బండి ఒరుగుతుంది.

ఇసుక తవ్వేటప్పుడు మనుషులు పడిపోతారు. ఎండలో, గాలి చల్లగా తగులుతుంటే చెమట తెలియదు, ఆవేశంగా అరగంట తవ్వి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలకి ఒకరు మారాలి, తవ్వనివాళ్లు నీళ్లు అందించాలి. మనిషి తిక్కతిక్కగా మాట్లాడటం, అయోమయంగా చూడటం కనిపిస్తే అది అలసట కాదు, వడదెబ్బ, ప్రాణం మీదికి వస్తుంది. నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి, అదే క్షణంలో సాయం కోసం మెసేజ్ పంపాలి. సరిగ్గా తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

మెసేజ్ ఎలా పంపుతారు అన్నది తర్వాతి ప్రశ్న. చేతి రేడియోలు గుంపు లోపలే, దిబ్బ అడ్డం వస్తే అవీ వినపడవు. శాటిలైట్ మెసెంజర్ గానీ, 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే అత్యవసర బీకన్ (ఆపదలో ఉన్నామని శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పరికరం) గానీ కనీసం రెండు ఉండాలి, రెండు వేరు వేరు బండ్లలో. బీకన్ రిజిస్టర్ చేయించాలి, లేకపోతే సిగ్నల్ అందుకున్నవాళ్లకి మీరెవరో తెలియదు. కొన్ని దేశాల్లో శాటిలైట్ పరికరాలు అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటేనే నేరం, అది ముందే కనుక్కోండి. ఇంట్లో ఒకరి దగ్గర కాగితం పెట్టి వెళ్లండి, ఏ రోజు ఎక్కడ ఉంటారు, బండ్ల నంబర్లు, ఎన్ని గంటల్లోపు కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. కాస్త ఆలస్యమైతే చూద్దాంలే అనే మాట ఆ కాగితంలో ఉండకూడదు, టైము రాయాలి.

రోజూ వేసుకునే మందులు ఉన్నవాళ్లు రెండు కట్టలు చేసి రెండు బండ్లలో పెట్టుకోండి. షుగర్, బీపీ ఉన్న సంగతి మొహమాటపడి దాస్తారు మగవాళ్లు. బయల్దేరేముందు పన్నెండు మందినీ ఒక్కొక్కరిగా మీరే అడగండి.

తాబేలుజాడ

పోటు గీతకి పైన బండి నడపొద్దండి. నీళ్లు చివరిసారి ఎక్కడిదాకా వచ్చాయో ఎండిన నాచు, పుల్లలు గీతలా పడి ఉంటాయి, దానికి కింద నడిపితే మీ జాడని తర్వాతి పోటు చెరిపేస్తుంది. దానికి పైన పొడి ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, పైకి ఏమీ కనపడదు. చక్రం జాడ మనకి రెండంగుళాల గాడి, గుడ్డులోంచి అప్పుడే వచ్చి సముద్రం వైపు పాకే పిల్లకి అది దాటలేని గోడ. ఆ గాడిలో పడితే దాని వెంబడే పోతూ ఉంటుంది, నీళ్ల వైపు కాకుండా పక్కకి, తెల్లారి ఎండ వచ్చేదాకా, లేదంటే పక్షి చూసేదాకా. నేను ఒకసారి ఒక గాడిలో పదకొండు పిల్లల్ని ఏరాను, అందులో నాలుగు కదల్లేదు. ఆ జాడ మాది కాదు, అయినా ఆ రోజంతా ఎవరం మాట్లాడుకోలేకపోయాం.

గుడ్ల కాలంలో అయితే రాత్రి లైట్లు వద్దు, పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయి. ఒడ్డు పిట్టలు కూడా ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి, గులకరాళ్లలా ఉంటాయి, బండిలోంచి అస్సలు కనపడవు. దిబ్బల మీద పాకే తీగలు తొక్కొద్దు, ఆ వేళ్లే దిబ్బని పట్టి ఉంచేవి. దక్షిణాఫ్రికాలో సరదాకి ఒడ్డు మీద బండ్లు నడపడం 2002 నుంచి ఆపేశారు, ఒడ్డున గుడ్లు పెట్టే నల్ల ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు మళ్లీ పుంజుకోవడానికి అదీ ఒక కారణం. మీకు పర్మిట్ ఇచ్చారంటే నమ్మి ఇచ్చారు. దయచేసి గుడ్ల నెలలు ఏవో ఆ ఆఫీసులోనే అడిగి, ఆ నెలలు వదిలి వెళ్లండి.

గాలిలెక్క

మొగల గురించి ఒక్క మాట మిగిలిపోయింది. లోతుగా నీళ్లు దాటేముందు బండిని పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. నడిచి నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల డబ్బా) చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి ఉప్పునీళ్లని పీల్చుకుంటుంది. ఇంటికొచ్చాక ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే అదే, వెంటనే మార్చాలి. ఆ డబ్బాకి గాలి ఆడే బ్రీదర్ గొట్టాలు పైకి పొడిగించుకుంటే ఇంకా మంచిది. తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కింద అంతా కడగండి, చాసిస్ రంధ్రాల్లోకి కూడా పైపు పెట్టి, స్టెప్నీ వెనక, బ్రేకుల దగ్గర. వారం తర్వాత మళ్లీ ఒకసారి కడగండి.

తీరంబాట

మొన్నా నిన్నా అందరం కూర్చున్నాం. మారినవి రాస్తున్నాను, ఇంకా తప్పుంటే చెప్పండి.

నాలుగు బండ్లు, తొమ్మిది మంది. కొత్తవాళ్లలో ఒకతను తనే ఈసారి నడపను, పక్క సీట్లో కూర్చుని చూస్తానన్నాడు. ఇంకో ముగ్గురు వచ్చే ఏడాది వస్తామన్నారు. పర్మిట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మేం అనుకున్న నెల తాబేళ్ల నెల అని అప్పుడు తెలిసింది, అడిగేదాకా వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండున్నర నెలలు వాయిదా వేశాం, మూడో రోజు అష్టమి వచ్చేలా. ఉప్పు నేల అడ్డదారి మ్యాపులోంచి తీసేశాం. డీజిల్ బండికి 80, రోజులు ఐదు కాదు ఏడు. పోటు టేబుల్ ఏడు రోజులకీ చేత్తో రాసి నాలుగు కాపీలు తీశాను, రాస్తుంటే ఏ రోజు ఎక్కడ ఇరుక్కునేవాళ్లమో నాకే కనపడింది.

వెనక్కి తిరగడం సంగతి మాత్రం గంటన్నర నడిచింది. చివరికి పారపట్టు గారి పద్ధతే ఒప్పుకున్నారు, ఎవరన్నా సరే తిరుగుతాం. రెండో మొగని బండ్లకంటే ముందు మనుషులు నడిచి దాటాలి, నడిచేది నేనూ, బాల్ హిచ్ విప్పిన మా వాడూ. నడుము లోతు దాటినా, నీళ్ల తోపుడుకి కాలు ఆగకపోయినా అక్కడే ఆగి వెనక్కి. దానికి ముందు వచ్చే ఆదివారం దగ్గర్లో ఎక్కడైనా మెత్తటి ఇసుక చూసి నాలుగు బండ్లనీ కావాలనే దిగబెట్టి, తాడు ముట్టుకోకుండా పారలతో, బోర్డులతో బయటికి తీయడం ప్రాక్టీస్ చేస్తున్నాం. కంప్రెసర్లు రెండే ఉన్నాయి, మూడోది ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.